నెచ్చెలి పిలుపు
తెలుగు కథలో స్త్రీ స్నేహము, వ్యక్తిత్వ పరిణామము

తెలుగు కుటుంబములో స్త్రీకి పిలుపులు అనేకములు. పుట్టినింట ఆమె అమ్మాయి. మెట్టినింట కోడలు, వదిన, తోడికోడలు. కొంతకాలమునకు అమ్మ, పిన్ని, అత్త, అమ్మమ్మ. వీధిలోనివారికి ఆమె ఫలానావారి ఇల్లాలు. ఈ పిలుపులలో ఆప్యాయత లేదని ఎవ్వరును అనజాలరు. అయినను ప్రతి పిలుపు వెనుకను ఒక బాధ్యత నిలిచియున్నది. కోడలా అని పిలిచినవారు కోడలు చేయవలసిన పనిని తలచి పిలుతురు. అమ్మా అని పిలిచిన బిడ్డ ఆకలి తలచి పిలుచును. ఏ పనిని కోరక, కేవలము ఆమె కొరకే ఆమెను సొంత పేరుతో పిలుచు మనిషి సాధారణముగా ఒక్కతెయే. ఆమె చిన్ననాటి నెచ్చెలి.

మన కథాసాహిత్యము ఈ నెచ్చెలికి ఏ స్థానము నిచ్చినది? స్నేహమువలన స్త్రీ తన్ను తాను వేరొక విధముగా తెలిసికొనుట మన కథలలో ఎప్పుడు, ఎట్లు కనబడినది? ఈ వ్యాసమునకు ఇదియే విషయము. నా అభిప్రాయమును ముందుగనే మనవి చేసెదను. బంధువులు స్త్రీకి స్థానము నిత్తురు. స్నేహితురాలు ఆమెకు సాక్ష్యము నిచ్చును. ఆ సాక్ష్యము లభించిన కథలలోనే స్త్రీ తన పేరును తిరిగి పొందుట జరిగినది.

ఇద్దరు కవులు, ఒక పేరు

స్నేహము మనిషిని మార్చి క్రొత్త మనిషిని చేయుననుటకు యానాము వారు దూరపు నిదర్శనములు వెదుకనక్కరలేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి (1870–1950) బాల్యము ఈ గౌతమీతీరముననే గడచినది. ఆయనయు, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును (1872–1920) సహాధ్యాయులై, మిత్రులై, తిరుపతి వేంకట కవులను ఒక్క పేరుతో లోకమునకు తెలిసిరి. ఒక పద్యము ఇరువురిలో ఎవరిదో విడదీసి చెప్పుట వారికి ఇష్టము లేదు. 1920లో తిరుపతిశాస్త్రిగారు మరణించిన పిదప కూడ వేంకటశాస్త్రిగారు తమ రచనలను జంటపేరుతోనే ప్రకటించుచు వచ్చిరి. మిత్రుడు లేకున్నను మిత్రునితో ఏర్పడిన వ్యక్తిత్వము నిలిచినది. ఆంధ్రదేశపు సంస్థానములును, సభలును ఆ జంటపేరును సన్మానించినవి.

ఆ తరములోనే ఏ ఇరువురు స్త్రీల స్నేహమైనను ఇట్లు ఒక పేరై లోకమునకు తెలిసినదా? స్త్రీలలో స్నేహములు లేకపోలేదు. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి కలిసి ఉయ్యాల లూగిన పిల్లలు, గుజ్జనగూళ్లు వండుకొని పంచుకొన్న పిల్లలు ప్రతి ఊరను ఉండిరి. కాని ఆ స్నేహములకు సభ లేదు, బిరుదు లేదు, అన్నిటికంటె ముఖ్యముగా కాలవ్యవధి లేదు. పురుషుడు వివాహమైన పిదప కూడ తన ఊరిలోనే, తన వీధిలోనే ఉండును. అతని మిత్రుడును అక్కడనే ఉండును. స్త్రీ మాత్రము ఊరు విడిచిపోవును. ఆమె నెచ్చెలి మరియొక ఊరికి పోవును. ఇరువురు మరల కలియుట పుట్టిళ్ల శుభాశుభములు ఒకేసారి తటస్థించుటపై ఆధారపడియుండును.

కల్యాణపురము

ఈ వియోగము ఎంత చిన్న వయస్సులో కలిగెడిదో తెలిసికొనుటకు యానాము చరిత్రయే చాలును. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము 1929లో ఆమోదింపబడి, 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. వరునికి 18, వధువునకు 14 సంవత్సరముల కనీస వయస్సును ఆ చట్టము నిర్ణయించినది. ఫ్రెంచివారి పాలనలోనున్న యానాముకు అది వర్తింపలేదు. అందుచేత చుట్టుపట్ల ఆంధ్ర ప్రాంతములవారు తమ చిన్నపిల్లలను ఇచటికి తెచ్చి వివాహములు జరిపించి తీసికొనిపోవుచుండిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. యానాము 1954 జూన్ 13వ తేదీన ఫ్రెంచి పాలననుండి విముక్తి పొందినది. 1962 ఆగస్టు 16వ తేదీన న్యాయదృష్టిచే కూడ భారతదేశములో చేరినది. కల్యాణపురమను మాట నేటికిని పెద్దల నోట వినబడుచున్నది.

బాల్యవివాహముల కీడును గూర్చి మన సంస్కర్తలు విస్తారముగా వ్రాసిరి. చదువు నిలిచిపోవుట, దేహారోగ్యము చెడుట, బాలవైధవ్యము: ఈ మూడును వారు లెక్కించిన నష్టములు. నాలుగవ నష్టము లెక్కకు రాలేదు. పల్లకి ఎక్కిన పిల్ల తన యీడు పిల్లలను విడిచిపోవుచున్నది. పదేండ్ల పిల్లకు తానెవరో తెలుపునది ఇంటి పేరు కాదు, గోత్రము కాదు. తనతో ఆడుకొను పిల్లయే. ఫలానా ఆటలో తాను దిట్ట యనియు, ఫలానా పాట తన గొంతులో బాగుండుననియు, కోపము వచ్చినచో తాను రెండు దినములు మాటలాడదనియు ఆ పిల్లకు తెలియును. ఈ జ్ఞానమంతయు పుట్టినూరి వీధిలోనే ఉండిపోవును. అత్తవారింట ఎవ్వరికిని అది తెలియదు. తెలిసికొనవలెనను తలంపును సాధారణముగా రాదు. కొంతకాలమునకు ఆ పిల్లయు దానిని మరచును.

సఖి అధికారము ఎంతవరకు?

మన ప్రాచీన కావ్యములలో చెలికత్తెలు లేని నాయిక లేదు. వసుచరిత్రలో గిరికకు మంజువాణి యున్నది. నాయిక జన్మవృత్తాంతమును చెప్పుట ఆమె పని. ప్రబంధనాయికలకు విరహతాపము కలిగినప్పుడు శిశిరోపచారములు చేయుట, చంద్రుని నిందించుట, రాయబారము నడుపుట చెలికత్తెల వంతు. నాయికకు నాయకునితో సమాగమము కలిగినంతనే వారి పని ముగియును. చెలికత్తెకు వేరొక కథ లేదు. ఆమె వలన నాయిక స్వభావము మారుటయు లేదు.

ఒక్క శకుంతల కథలో మాత్రము కాళిదాసు చేసిన కల్పన మనలను ఆలోచింపజేయును. ఆ నాటకమును తెనుగువారు కందుకూరి వీరేశలింగము పంతులుగారి అనువాదము మూలముగా బాగుగా ఎరుగుదురు. అనసూయయు ప్రియంవదయు శకుంతలకు నీడలవంటివారు. దుర్వాసుని శాపమును విన్నది వారు. ఆనవాలు చూపినచో శాపము తీరునను మాటను రాబట్టినది ప్రియంవద. సుకుమారియైన చెలికి బాధ కలుగునని ఆ సంగతిని తమలోనే దాచుకొన్నవారును వారే. అత్తవారింటికి బయలుదేరునపుడు వీరును నాతో వత్తురా అని శకుంతల అడుగును. వారికిని పెండ్లి చేయవలసియున్నది, అచటికి వచ్చుట తగదని కణ్వుడు వారించును. నాలుగవ అంకముతో ఆ ఇరువురును నాటకమునుండి తొలగిపోవుదురు. అయిదవ అంకములో రాజు శకుంతలను ఎరుగనని పలికినపుడు, ఆమె వెంట గౌతమి యున్నది, ఋషికుమారులున్నారు; జరిగినదంతయు ఎరిగిన చెలులు మాత్రము లేరు. ఉంగరము నీటిపాలైనది.

నాటకము పేరులోనే అభిజ్ఞానమను మాట ఉన్నది. గుర్తుపట్టుటయే అందలి సమస్య. ప్రాణములేని ఉంగరమునకు సాక్ష్యము చెప్పు అధికారము కలదు. ప్రాణమున్న స్నేహితురాండ్రకు సభలో ప్రవేశము లేదు. పెండ్లితో నెచ్చెలి కథనుండి నిష్క్రమించుట ఇచట స్పష్టముగా రూపుకట్టినది. తరువాతి సాహిత్యము దీనిని చాలకాలము ఆచారముగా పాటించినది.

సంస్కరణ యుగము

ఆధునిక యుగములో పరిస్థితి మారవలసినది. 1902లో కథలు వ్రాసిన భండారు అచ్చమాంబగారు (1874–1905) తెలుగు కథానికకు ఆద్యులలో ఒకరు. ఆమె వ్రాసిన ‘స్త్రీవిద్య’ అను కథ భార్యాభర్తల సంభాషణము. చదువు ఎందుకని భార్య శంకించును, భర్త నచ్చచెప్పును. ‘ధనత్రయోదశి’లో దిశ మారి భార్యయే భర్తకు ధర్మము బోధించును. రెండింటను మాటలాడుకొన్నవారు భార్యాభర్తలే. ఆ కాలపు సంస్కరణ సాహిత్యములో స్త్రీని మార్చు ఉపదేష్ట భర్తయో, తండ్రియో, విద్యాధికుడైన అన్నయో అగుట పరిపాటి.

విచిత్రమేమనగా అచ్చమాంబగారి జీవితము వేరొక సంగతిని చెప్పుచున్నది. అదే 1902లో ఆమె ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణములో బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. జీవితములో స్త్రీకి స్త్రీ తోడై నిలిచినది; కథలో ఆ తోడు ఇంకను ప్రవేశింపలేదు. అనుభవము కథగా మారుటకు చాలకాలము పట్టినది.

ఈ లోపము మన ఒక్క భాషకే చెందినది కాదు. శారదా చట్టము వచ్చిన 1929లోనే ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఒక ప్రసిద్ధ వ్యాసములో, సాహిత్యములోని స్త్రీలు దాదాపు ఎల్లప్పుడును పురుషునితోడి సంబంధమును బట్టియే చిత్రింపబడిరనియు, ఇరువురు స్త్రీల స్నేహము కథావస్తువగుట అరుదనియు గమనించినది. ఆ గమనిక మన కథలకును చక్కగా సరిపోవును.

పేరు మరచిన ఇల్లాలు

ఈ లోటును తీర్చిన తెలుగు కథలలో పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ అగ్రగణ్యము. 1940లో గుంటూరు మండలము కొలకలూరులో జన్మించిన సత్యవతిగారు ఆంగ్లోపన్యాసకురాలుగా పనిచేసిరి. ఇల్లలుకుచు తన పేరు మరచిన ఈగ కథను మనలో వినని వారుండరు. ఆ ఈగ కనబడిన వారినెల్ల తన పేరు అడుగును. తుదకు గుర్రపుపిల్ల సకిలింపులో దానికి తన పేరు వినబడును. పిల్లలను నవ్వించు ఈ కథను సత్యవతిగారు ఒక విద్యావతియైన ఇల్లాలికి అన్వయించిరి.

ఆ ఇల్లాలు పెండ్లికి ముందు చదువుకొన్నది, చురుకైనది. పెండ్లి నాటినుండి ఇల్లలికి ముగ్గులు పెట్టుటలో మెప్పు పొందుచు, ఒకనాడు ఆ పనిలోనే ఉండగా తన పేరేమను ప్రశ్న ఆమెకు తట్టును. జ్ఞాపకము రాదు. పనిమనిషికి ఆమె అమ్మగారు, పిల్లలకు అమ్మ, ఇరుగుపొరుగువారికి ఫలానా ఉద్యోగిగారి భార్య. భర్తకు ఈ వెదుకులాటయే వింత. పుట్టినింట కూడ వెంటనే సమాధానము దొరకదు. తుదకు చిన్ననాటి స్నేహితురాలు ప్రమీల ఆమెను చూచినంతనే శారదా అని పిలుచును. పేరుతో ఊరుకొనదు. పదవ తరగతిలో మొదటి స్థానము పొందినది నీవే యనియు, పాటల పోటీలో గెలిచినది నీవే యనియు, చక్కని చిత్రములు గీయుచుండెడిదానవనియు చెప్పును. మిగిలిన స్నేహితురాండ్రందరును ఉత్తరములు వ్రాసికొనుచున్నారు. ఆమె ఒక్కతెయే దూరమైనదని నిష్ఠురమాడును.

ఇచట పాఠకులు రెండు విషయములను గమనింపవలెను. మొదటిది: కన్నవారికిని, కట్టుకొన్నవానికిని, కడుపున పుట్టినవారికిని తెలియని సంగతి స్నేహితురాలికి తెలిసియుండుట. వారందరును ఆమెను ప్రేమింపనివారు కారు. వారి ప్రేమ ఆమె చేయు పనితో ముడిపడియున్నది. ప్రమీల జ్ఞాపకము ఆమె ఇష్టములతో ముడిపడియున్నది. రెండవది: ప్రమీల పిలిచినంతమాత్రమున కథ ముగియలేదు. శారద పుట్టినింటి అటక ఎక్కి పాత కాగితములలో తన పట్టాలను, బహుమతులను, చిత్రములను తానే వెదకి తెచ్చుకొనును. ఇంటికి వచ్చి తన్ను ఇకమీదట పేరుతో పిలువుమని భర్తతో చెప్పును. ఇల్లు అలికినంతనే పండుగ కాదని తెలిసికొన్న శారద పిల్లలకు తన చిత్రములను చూపును. స్నేహితురాలు సాక్ష్యము చెప్పినది. తీర్పు మాత్రము శారదదే.

శకుంతల కథలో ఉంగరము చేసిన పనిని ఇచట నెచ్చెలి చేసినది. గుర్తుపట్టవలసిన వ్యక్తియును మారినది. అచట రాజు భార్యను గుర్తుపట్టవలెను. ఇచట స్త్రీ తన్ను తాను గుర్తుపట్టవలెను. కణ్వుడు వెనుకకు పంపిన అనసూయ నేటికి మరల కథలో ప్రవేశించినదని చెప్పిన తప్పుగాదు.

సీతయు శూర్పణఖయు

స్నేహము పాతదానిని జ్ఞప్తికి తెచ్చుటయే కాక, మునుపు లేని రూపమును కూడ మనిషికి ఈయగలదు. దీనికి ఉదాహరణము ఓల్గాగారి ‘సమాగమము’ అను కథ. 2010లో వెలువడిన ‘విముక్త’ సంపుటిలో ఇది చేరియున్నది. ఆ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది.

సీత వాల్మీకి ఆశ్రమములో నున్న కాలము. లవకుశులు అడవిలో ఒక అందమైన పూలతోటను చూచి, ఆ తోటను పెంచు స్త్రీ ముక్కుచెవులు లేని కురూపి యని తల్లితో చెప్పుదురు. ఆమె ఎవరో సీత గ్రహించును. తానే వెదకికొని పోవును. రామాయణములో ఈ ఇరువురి నడుమ నున్న సంబంధమంతయు పురుషుల మూలమున ఏర్పడినది. ఒకతె రాముని భార్య. మరియొకతె రాముని కోరి పరాభవము పొందినది, రావణుని చెల్లెలు. ఆ పురుషుల నడుమ యుద్ధము జరుగగా స్త్రీలిరువురును నష్టపడిరి. ఓల్గాగారి కథలో వారిరువురును మొట్టమొదటిసారి మధ్యవర్తి లేకుండ మాటలాడుకొందురు.

శూర్పణఖ తన కోపమును, వికృతమైన రూపముపై కలిగిన రోతను ఎట్లు జయించినదో చెప్పును. మొక్కలు పెంచుటలో ఆమెకు అందమను మాటకు క్రొత్త అర్థము దొరికినది. సీతకు ఆమె చేయు ఉపదేశము ఇట్టి అనుభవకథనమే. పాతివ్రత్యమును గూర్చిన వాదము కాదు. పుత్రులు పెరిగి తండ్రిని చేరిన పిదప తానేమి కావలెనను ప్రశ్న సీతకు ఎదురుగ నున్నది. భార్య, తల్లి అను రెండు పేర్లును తొలగినపుడు మిగులునది ఏది? శూర్పణఖను చూచిన తరువాత ఆ ప్రశ్న సీతను భయపెట్టదు. ఆ రెండు పేర్లు లేకుండ కూడ ఒక స్త్రీ నిండుగా బ్రతుకగలదని ఆమె కన్నులార చూచినది.

ప్రమీల గతమునకు సాక్షి. శూర్పణఖ భవిష్యత్తునకు సాక్షి. స్త్రీస్నేహము వ్యక్తిత్వమును తీర్చిదిద్దు మార్గములు తెలుగు కథలో ఈ రెండును స్పష్టముగా కనబడుచున్నవి. మొదటి మార్గములో నెచ్చెలి పోయినదానిని చూపును; రెండవ మార్గములో సాధ్యమైనదానిని చూపును. శూర్పణఖ చిన్ననాటి చెలి కాకపోవుటయు గమనింపదగినది. శత్రువని లోకము చెప్పిన స్త్రీ కూడ నెచ్చెలి కావచ్చును.

స్నేహము నిష్కళంకమా?

ఈ చర్చలో ఒక ఆక్షేపణ రావచ్చును. స్నేహితురాలు ఎల్లప్పుడును మేలే చేయునా? ఆమె వ్యక్తిత్వమును అణచివేయుట లేదా? ప్రపంచ సాహిత్యము ఈ ప్రశ్నను దాటవేయలేదు. అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ 1973లో ప్రకటించిన ‘సూలా’ నవలలో స్నేహితురాలు నెల్ సంసారమును చెరచును. అయినను ఏండ్లు గడచిన పిదప, తాను ఇంతకాలము దుఃఖించినది విడిచిపోయిన భర్తకొరకు కాదనియు, సూలాకొరకే యనియు నెల్ తెలిసికొనును. ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెరాంటే 2011 నుండి 2014 వరకు ప్రకటించిన నాలుగు నవలలలో ఎలెనా, లీలా అను ఇరువురు స్త్రీల స్నేహము బాల్యమునుండి వార్ధక్యమువరకు సాగును. అందు ప్రేమతోపాటు అసూయ కలదు, పోటీ కలదు. ఎలెనా విద్యలో ఎదుగుటకు లీలా తెలివియే ప్రేరణము. తన మాటలలో ఏవి తనవో, ఏవి లీలావో తెలియక ఆమె కలతపడుటయు కలదు.

మన రచయిత్రులు చూపిన స్నేహములలో ఈ కలత చాల తక్కువ. ఇది లోపమని కొందరు తలంపవచ్చును. నాకు మాత్రము కారణము వేరుగా తోచుచున్నది. దీర్ఘకాలము కలిసి మెలిసి యుండిన స్నేహములోనే అసూయకు, పోటీకి తావుండును. పెండ్లితో తెగిపోయి, ఎన్నడో ఒకనాడు దారిలో కలిసిన స్నేహములో ఆనందమునకే కాలము చాలదు. మన కథలలోని నెచ్చెలి ఒక్క సన్నివేశములో వచ్చిపోవుటకు మన జీవనవిధానమే కారణము. నేడు చదువులు, ఉద్యోగములు, టెలిఫోనులు స్త్రీల స్నేహములను పెండ్లి తరువాత కూడ నిలుపుచున్నవి. ఇకమీది తెలుగు నవలలలో నిండు జీవితకాలపు స్త్రీస్నేహము, దాని మేలుకీడులతో సహా, ప్రధానవస్తువు కాగలదని ఆశింపవచ్చును.

చేయవలసిన పని

కథలు ఊరక పుట్టవు, జ్ఞాపకములనుండి పుట్టును. యానామున పందిళ్లలో పీటలపై కూర్చుండిన ఆ చిన్నారి వధువులలో నేటికి మిగిలినవారు మిక్కిలి కొలదిమంది. వారి పెండ్లి తేదీలు, కట్నకానుకలు, వారు పుట్టిన వంశములు బంధువులు చెప్పగలరు. వారు ఎవరితో ఆడుకొనిరో, ఎవరిని విడిచి వచ్చిరో, ఆ పిల్ల పేరేమో వారుదప్ప చెప్పువారు లేరు. ఆ సంగతి వారిని అడిగినవారును లేరు.

మన సంఘ సభ్యులలో ప్రతి కుటుంబమునను వృద్ధురాలైన అమ్మమ్మయో, నాయనమ్మయో, మేనత్తయో ఉండవచ్చును. వారి వద్ద కూర్చుండి, పెండ్లికి పూర్వము మీ స్నేహితురాలెవరని అడిగి, వారు చెప్పినది వ్రాసి ఉంచుట పెద్ద పాండిత్యము అక్కరలేని పరిశోధన. తిరుపతి వేంకట కవుల స్నేహమునకు పుస్తకములు సాక్ష్యమిచ్చుచున్నవి. ఈ తల్లుల స్నేహములకు వారి నోటిమాట తప్ప వేరు సాక్ష్యము లేదు. ఆ మాటను మనము భద్రపరచినచో ముందుతరమునకు చరిత్రయు దక్కును, కథయు దక్కును. అంతకుమించి, ఆ ప్రశ్న వేసిన క్షణమున ఆ వృద్ధురాలు, ఎన్నో ఏండ్ల తరువాత, తన చెలి తన్ను పిలిచిన పేరును తన నోటనే ఒకసారి పలుకును.